యంత్రము మీద ప్రాణము – వరండాలో విశ్వాసము



కొంతకాలము క్రిందట మా సంఘ సహోదరునికి బెంగళూరులో గుండె ఆపరేషను జరిగినది. ఆపరేషను ముగిసినను గుండె తనంతట తాను పనిచేయలేకపోగా, డాక్టర్లు ఎక్మో అను యంత్రమును అమర్చిరి. మేము ఆ కుటుంబముతో ఆసుపత్రి వరండాలో కూర్చుంటిమి. అయిదవ దినమున ఆయన కుమారుడు మమ్మును అడిగెను: "మాస్టారూ, మిషను తీసేయడానికి ఒప్పుకుంటే మాకు విశ్వాసం లేనట్టేనా?"

ఆ యంత్రము పని ఏమిటో ముందు తెలిసికొందము. అది రక్తమును బయటికి తీసి, ప్రాణవాయువు కలిపి, తిరిగి శరీరములోనికి పంపును. గుండెను బాగుచేయదు, కోలుకొనుటకు వ్యవధి ఇచ్చును. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో డాక్టర్ జాన్ గిబ్బన్ 18 ఏండ్ల యువతికి గుండె ఆపరేషను చేసినప్పుడు, ఆయన యంత్రము 26 నిమిషములు ఆమె ప్రాణమును మోసినది. నేడు అట్టి యంత్రము దినముల తరబడి మోయుచున్నది. అయినను గుండె ఆపరేషను తరువాత ఎక్మో అవసరమైన పెద్దవారిలో పదిమందికి సుమారు ముగ్గురు నలుగురే ఇంటికి చేరుదురు. యంత్రము తీసిన తరువాత కూడ కొందరు ఆసుపత్రిలోనే మరణింతురు. రక్తస్రావము, పక్షవాతము, మూత్రపిండములు చెడుట ఆ మార్గములోని అపాయములు.

హిజ్కియా కన్నీటితో ప్రార్థించెను. అతనికి 15 సంవత్సరములు దొరికెను. దావీదు బిడ్డ కొరకు ఉపవాసముండి ప్రార్థించెను. ఏడవ దినమున బిడ్డ చనిపోయెను. అప్పుడతడు లేచి, స్నానము చేసి, దేవుని మందిరమునకు వెళ్లి మ్రొక్కెను. వీరిలో ఎవరి ప్రార్థన తక్కువ? ఎవరిదియు కాదు.

కనుక యంత్రము పెట్టించుట అవిశ్వాసము కాదు. ఆశ లేదని తేలినప్పుడు తీయుటకు ఒప్పుకొనుటయు అవిశ్వాసము కాదు. అట్టి రోగి విషయములో వైద్యుల బోర్డుల పరిశీలనతోను కుటుంబ సమ్మతితోను చికిత్స ఆపవచ్చునని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, 2023లో ఆ పద్ధతిని సులభము చేసినది. గుండెలో కదలిక వచ్చినదా, మెదడు క్షేమమా, ఇంకెన్ని దినములు చూచెదరు అని డాక్టర్లను ధైర్యముగా అడుగుడి.

ఏడవ దినమున బోర్డులు ఆశ లేదని తేల్చగా కుటుంబము సమ్మతించెను. మా సహోదరుడు ప్రభువునందు నిద్రించెను. ఆ వారమే ప్రక్క మంచము మీది స్త్రీ కోలుకొని ఇంటికి వెళ్లెను. సమాధి కార్యక్రమమునాడు మనలో ఒకరు "ప్రార్థన చాలలేదు" అనిరి. ఆ మాట ఆ తల్లి చెవిని పడినది. ప్రియులారా, ఇక ఎన్నడును అట్లు అనకుందము.

మనము పరభాషా ప్రాంతములలో ఉన్నవారము. ఇంగ్లీషులో డాక్టర్ చెప్పినది ఊరినుండి వచ్చిన ముసలి తల్లికి తెలుగులో నెమ్మదిగా చెప్పువాడు కావలెను. రాత్రి వరండాలో తోడుండువాడు, ఇంటిలో పిల్లలకు అన్నము పెట్టువారు, బిల్లు చూచి కుటుంబముతో కలిసి ఆలోచించువారు కావలెను. యంత్రము శరీరమును మోయుచుండగా ఆ కుటుంబమును మోయవలసినది సంఘమే.

అట్టి కృప దేవుడు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.