పక్కవాడికి రాని ఆయాసం

ప్రమాదాన్ని మనం ముక్కుతోనో కళ్ళతోనో కొలుస్తాం. విజయవాడ ఆటోనగర్‌లో కార్లకు స్ప్రే పెయింటింగ్ చేసేవాళ్ళను ఏది చెడ్డదని అడిగితే థిన్నర్ అంటారు. దాని వాసనకు తల దిమ్మెక్కుతుంది మరి. అదీ మంచిదేం కాదు. కానీ ఉబ్బసం సంగతికొస్తే ముందు భయపడాల్సింది దాని పక్కనుండే చిన్న డబ్బాకి. రంగు గట్టిపడి మెరవడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి. ఊపిరితిత్తులను దెబ్బతీసేంతగా గాలిలో ఉన్నా అవి ముక్కుకు తెలియకపోవచ్చు. 1984లో భోపాల్‌ను చంపిన మిథైల్ ఐసోసయనేట్ వీటికి దాయాదే. అంత విషమూ కాదు, అలా గాలికి ఎగసేదీ కాదు గానీ, వంశం ఒకటే. భోపాల్ పేరు వింటే ఉలిక్కిపడేవాళ్ళే ఈ డబ్బా మూత ఒట్టి చేత్తో తీసి, మూతికి కర్చీఫ్ కట్టుకుని పనిలోకి దిగుతారు.

నాకు తెలిసిన పెయింటరొకాయనకు దగ్గు రాత్రిళ్ళు వచ్చేది. పగలంతా బాగానే ఉండి, పడుకున్నాక పిల్లికూతలు మొదలయ్యేవి. ఈ రసాయనాల తీరే అంత. పీల్చిన కొన్ని గంటలకు గానీ ఛాతీ బిగుసుకోకపోవచ్చు. అందుకని నింద షెడ్డు మీదకు పోలేదు. కొన్నాళ్ళు ఫ్యాను గాలిని అన్నారు, కొన్నాళ్ళు పెరుగుని. దసరాకు సొంతూరు వెళ్తే ఆయాసం తగ్గేది, ఆ పుణ్యం ఊరి గాలికి దక్కింది. పనికి దూరంగా ఉంటే తగ్గడమే ఈ జబ్బుకు పెద్ద ఆనవాలని ఎవరూ చెప్పలేదు. మృగశిర కార్తెకు హైదరాబాద్ వెళ్ళి చేప ప్రసాదం కూడా మింగొచ్చాడు. నాకు దాని మీద నమ్మకం లేదు. అయినా ఆయన్ను తప్పుపట్టలేను. ఆ క్యూలో నిలబడటానికి ఒక్క రోజు కూలి పోతే చాలు, పని మానమని అక్కడెవరూ అనరు.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఇంకోటి. ఒకే షెడ్డులో ఒకే గాలి పీల్చినా ఇది అందరికీ రాదు, కొందరికే వస్తుంది. అదీ నెలలో, ఏళ్ళో గడిచాక. సిమెంటు దుమ్ము కళ్ళలో పడితే అందరి కళ్ళూ మండుతాయి, తప్పు దుమ్ముదని అందరూ ఒప్పుకుంటారు. ఒక్కడే ఆయాసపడితే మాత్రం తప్పు అతని ఒంటిదైపోతుంది. “నేను చిన్నప్పట్నుంచీ ఇదే పని. నాకేం అయింది?” అంటాడు మేస్త్రీ. దానికి జవాబు చెప్పగలిగినవాళ్ళు షెడ్డులో ఉండరు. ఒళ్ళు తట్టుకోలేనివాళ్ళు ఏనాడో మానేసి ఆటో తోలుకుంటున్నారు, వాచ్‌మన్లయ్యారు. మిగిలినవాళ్ళ ఆరోగ్యాన్ని చూపించి పని మంచిదని తేల్చేస్తున్నాం. చివరికి రోగి కూడా అదే నమ్ముతాడు. “నా ఒళ్ళే వీక్ అండీ” అని ఆయనే నాతో అన్నాడు.

రోగిని నీ పని ఏమిటని కూడా అడగాలని ఇటలీ వైద్యుడు రామజ్జినీ 1700లో రాసిన పుస్తకంలోనే చెప్పాడు. మన దగ్గర కేసు షీటు మీద వృత్తి రాసేచోట చాలాసార్లు ‘ప్రైవేటు’ అని ఉంటుంది. ఈయన్ను చివరకు ఆ ప్రశ్న అడిగిన డాక్టరు ఊది చూసే చిన్న మీటరు ఇచ్చి, పని రోజుల్లోనూ సెలవుల్లోనూ అంకెలు రాసుకురమ్మన్నారు. కాగితం చూడగానే విషయం తెలిసిపోయింది. ఒకసారి ఒంటికి పడకుండా పోయాక ఆ రసాయనం లేశమాత్రం చాలు, కర్చీఫ్ మాట అటుంచి మంచి మాస్కునూ నమ్ముకోలేం, ఆ షెడ్డు మానాల్సిందే అన్నారు. ఎంత త్వరగా మానితే కోలుకునే అవకాశం అంత ఎక్కువట. ఆలస్యమైతే పని వదిలినా ఆయాసం వదలకపోవచ్చు.

ఇదంతా ఆయనకు అర్థమైంది. అవగాహన లేదనే మాట కూలివాళ్ళ విషయంలో మనం మరీ సులువుగా వాడేస్తాం. ఎండకు వెలిసిన కారు డోరు చూసి, ఏ రంగులో ఏది ఎన్ని చుక్కలు కలిపితే దానికి సరిపోతుందో కంటితోనే చెప్పగలడు ఆయన. సంపాదించిన ఆస్తి ఆ చూపే. పని మారితే నలభై దాటిన వయసులో కొత్త కుర్రాడిలా మొదలుపెట్టాలి. ఆయాసం ఒక భయమైతే ఇది రెండోది, డాక్టరు చీటీలో రెండోదానికి చోటు లేదు. ప్రస్తుతానికి స్ప్రే గన్ను పక్కన పెట్టి అదే షెడ్డులో రబ్బింగ్ చేస్తున్నాడు. కూలి తగ్గింది. ఆ చివర వేరేవాళ్ళు గన్ను పడితే బయటికొచ్చి నిలబడతాడు, జేబులో ఇన్‌హేలర్ ఉంటుంది. కూతురి ఇంటర్ అయ్యాక పూర్తిగా మానేస్తానంటున్నాడు. ఆ పిల్ల ఇప్పుడు పదో తరగతి.