నిశ్శబ్దము – శాంతి

కోలాహలమునకు దూరముగా, ప్రశాంతమైన పల్లెలో నివసింపవలెనను కోరిక మానవునకు సహజము. అయితే చెవికి విశ్రాంతి లభించినంతమాత్రమున మనస్సునకు శాంతి లభించునా?

పశ్చిమ బెంగాలులోని ఖరగ్‌పూరునకు బెంగాల్ నాగపూర్ రైల్వే కాలమునుండియు తెలుగువారు ఉద్యోగార్థులై వచ్చి, తరతరములుగా స్థిరపడియున్నారు. రైల్వే వర్క్‌షాపులోని యంత్రధ్వని, రేయింబవళ్లు బండ్ల రాకపోకలు, సుమారు 1072 మీటర్ల ప్లాట్‌ఫారముపై జనసమ్మర్దము – ఇవియే ఆ పట్టణపు నిత్యజీవితము. ఇట్టిచోట పనిచేసినవాడు శేషజీవితమును స్వగ్రామపు నిశ్శబ్దములో గడుపగోరుట వింత కాదు.

ఆ కోరికను తూచిచూచుటకు దూరము పోనక్కరలేదు. పట్టణపు అంచుననే హిజ్లీ కలదు. అచటి నిర్బంధ శిబిరములో 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై కాల్పులు జరిగి, సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అను నిరువురు మరణించిరి. 1951లో ఆ భవనముననే భారత సాంకేతిక విద్యాసంస్థ ఆరంభమయ్యెను. బంధితునిపై విధింపబడు మౌనము వేరు. విద్యార్థి తానై వరించు మౌనము వేరు. గోడలు మాత్రము అవియే.

కావున నిశ్శబ్దమును దేనికై కోరుచున్నామని మొదట విచారింపవలెను. ఇరుగుపొరుగుల కష్టములు చెవిని పడకుండుటకై పల్లెకేగువాడు తన చెఱను తానే కట్టుకొనును. పరుల ఆర్తిని స్పష్టముగా వినగోరువానికి పల్లె మేలే. రైలుకూతయు వానికి అడ్డు కాజాలదు.