మిగిలింది లాభమా, కూలా?

గోరంట్ల మెట్ట పొలాల్లో వాన తప్పితే వేరుశనగ చేతికి రాదు. అలాంటి ఏట కొందరం బెంగళూరు కూలికి పోతాం, కొందరం అవ్వల నాటి కుట్టుపనిని నమ్ముకుంటాం. అద్దాలు, గవ్వలు పెట్టి కుట్టిన సంచి అమ్మినప్పుడు చేతికొచ్చినదంతా మన ఆదాయమేనా? ఇది పన్ను ప్రశ్నలా కనబడుతుంది గానీ, నిజానికి న్యాయం ప్రశ్న.

ఒక సంచి 1,200 రూపాయలకు అమ్మామనుకుందాం. గుడ్డ, దారం, అద్దాలు, గవ్వలకు 400, సంతకు పోయిరావడానికి 100 అయ్యాయి. ఆ 500 మనవి కావు. మన చేతుల మీదుగా అంగడికీ బస్సుకీ పోయినవి. ఆదాయపు పన్ను లెక్కలో వాటిని ఖర్చుగా తీసేయడం కక్కుర్తి కాదు, హక్కు. అందుకు రసీదు దాచుకోవాలి, తేదీ రాసుకోవాలి. ఇంట్లో వాడుకున్న గుడ్డను కూడా అందులో కలిపితే మాత్రం అది దొంగలెక్క.

మిగిలింది 700. దీన్ని చట్టం లాభమంటుంది. సొంత కష్టానికి మనకు మనమే కూలి రాసుకొని తీసేయనివ్వదు. కానీ ఆ సంచికి ఏడు రోజులు పట్టిందంటే రోజుకు 100 పడినట్టు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307. లెక్క రాయనంతవరకు ఈ తేడా కనబడదు. బేరంలో ఎంత వదులుకున్నామో మనకే తెలియదు.

'మనం ఎస్టీలం, మనకు పన్ను లేదు' అని కొందరంటారు. ఆ మినహాయింపు ఈశాన్య రాష్ట్రాలు, లడఖ్ వంటి కొన్ని ప్రాంతాల్లో ఉండే గిరిజనులకే. ఆంధ్రలో మనకు వర్తించదు. అయితే 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 4 లక్షల దాకా ఆదాయానికి పన్నే లేదు కనుక మనలో చాలామంది కట్టాల్సింది ఏమీ ఉండదు. పన్ను లేకపోవడం వేరు, లెక్క లేకపోవడం వేరు.

అసలు చిక్కు ఇంట్లోనే ఉంది. కుట్టింది యాడి, అమ్మింది కొడుకు, డబ్బు పడింది కొడుకు ఖాతాలో. ఆదాయం ఎవరిది? ఆమెకు నిజంగా కూలి ఇస్తే అది ఖర్చు. ఇవ్వకుండా ఇచ్చినట్టు రాస్తే అబద్ధం. ఇవ్వకుండా, రాయకుండా ఊరుకుంటే అన్యాయం. తల్లీబిడ్డల మధ్య లెక్కలేమిటనే మాట మంచిదే. కానీ ఆ మాట ఎప్పుడూ తల్లికే నష్టంగా ఎందుకు తేలుతోంది?

పద్దు పుస్తకంలో మూడు వరుసలు చాలు: వచ్చింది ఎంత, సామానుకు పోయింది ఎంత, ఎవరు ఎన్ని రోజులు కుట్టారు. మూడోది పన్ను శాఖ అడగదు. అది మన యాడీలకు మనం చెప్పాల్సిన లెక్క. బడిలో కూడికలు, తీసివేతలు నేర్పే అయ్యవార్లు ఈ లెక్కను కూడా ఒకసారి పిల్లల చేత చేయించాలి.