తిరుగు ప్రయాణం మరవకు, బిడ్డా

బిడ్డా, నీ నవల రాతప్రతి మొత్తం చదివాను. పాలేరు చెరువులో చేపలు పట్టే ఇంటి పిల్ల హైదరాబాదు పోయి చదువుకోవడం, హాస్టల్లో పడ్డ పాట్లు మనసుకు పట్టాయి. వల దులిపేటప్పుడు తండ్రి వేళ్ల సందున మెరిసే పొలుసు గురించి రాశావే, ఆ వాక్యం ముట్టుకోకు. కానీ పక్కన పెన్సిల్‌తో ‘పిలుపు’, ‘నిరాకరణ’, ‘గురువు’ అని గుర్తులు పెట్టుకున్నావు. ఆ గుర్తుల గురించే నాలుగు మాటలు చెప్పాలి.

ఆ గుర్తుల వెనకున్న కథల పటం ఎక్కడిదో నాకు తెలుసు. లోకంలోని పురాణకథలన్నీ కలిపి చూసి, బయల్దేరడం, పరీక్షలు, తిరిగి రావడం అని మూడు భాగాలుగా, 17 మెట్లుగా జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో చెప్పాడు. క్రిస్టఫర్ వోగ్లర్ వాటిని సినిమా రచయితల కోసం 12కు కుదించాడు. మంచి పనిముట్టే. నువ్వు మాత్రం దరఖాస్తు ఫారంలో గళ్లు నింపినట్టు నింపావు. గురువు ఉండాలి గనక మూడో అధ్యాయంలో ఒక మాస్టారు వచ్చాడు, రెండు మంచి మాటలు చెప్పి మాయమయ్యాడు. ఆయన లేకపోయినా కథలో ఏదీ మారదు.

మన పక్కనే నేలకొండపల్లి ఉంది. విరాటరాజు కొలువు అక్కడేనని, భీముడు కీచకుణ్ని చంపింది అక్కడేనని మనవాళ్ల నమ్మకం. ఆ కథను రాసేవాళ్ల కళ్లతో ఒకసారి చూడు. అజ్ఞాతవాసంలో బయటపడితే మళ్లీ పన్నెండేళ్లు అడవే. ఈ షరతు మనకు ముందే తెలుసు. అందుకే ధర్మరాజు పాచికలు వేస్తున్నా, భీముడు వంటశాలలో గరిటె తిప్పుతున్నా మన గుండె పీచుపీచుమంటూనే ఉంటుంది. కీచకుడు నిండుకొలువులో ద్రౌపదిని తన్నాడు. భీముడు ఊరుకుంటే ఆమెకు అన్యాయం, లేస్తే అందరి బతుకూ అడవిపాలు. పరీక్ష అంటే అదీ. నీ పిల్లకు కష్టాలు చాలానే వచ్చాయి గానీ ఇలాంటి ఘడియ ఒక్కటీ రాలేదు. ఫీజు కట్టలేకపోవడం కష్టం. తండ్రి వల అమ్మి పంపిన డబ్బని తెలిసీ ఆ ఫీజు కట్టడం పరీక్ష.

కంచర్ల గోపన్నదీ ఆ నేలకొండపల్లే. పాల్వంచ పరగణా తహసీల్దారుగా సర్కారు పైకంతో భద్రాద్రి గుడి కట్టించి, గోల్కొండ చెరసాలలో పన్నెండేళ్లు మగ్గాడని చెప్పుకుంటాం. అక్కడ ఆయన చేసిందేమిటి? దేవుణ్ని నిలదీశాడు. ఏ నగకు ఎంత పెట్టానో లెక్కలు చెప్పి దెప్పాడు. ఆ వెంటనే, దెబ్బలకు తాళలేక అన్నానని బతిమాలుకున్నాడు. అంత కోపమూ అంత పశ్చాత్తాపమూ ఒకే కీర్తనలో. నీ పిల్ల అంత చీకట్లోనూ ఒక్కసారైనా తండ్రిని తిట్టుకోదు. తిట్టుకోనీ.

ఇక ముగింపు. రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీలుగా వచ్చి గోపన్న వాడిన సర్కారు పైకం ఆరు లక్షలూ కట్టి రసీదు తీసుకున్నారని ఐతిహ్యం. దర్శనం దక్కింది గోల్కొండ ఏలిన తానీషాకు, ఇన్నేళ్లూ పాడిన గోపన్నకు కాదు. ఆయన కోరింది ఆయనకు అందలేదు. ఊరికి మాత్రం గుడి మిగిలింది, కల్యాణానికి సర్కారు తరఫున ముత్యాల తలంబ్రాలు తెచ్చే ఆనవాయితీ ఇప్పటికీ మిగిలింది.

అడవిలోకి ఇంకా ముందుకు పోతే సమ్మక్క కథ. మణుగూరు దగ్గరి కూనవరంలో సకిని రామచంద్రయ్య ఉండేవాడు, 2022లో పద్మశ్రీ వచ్చిన కోయ కళాకారుడు. డోలు కొడుతూ ఆ కథను నోటిమీదుగా పాడేవాడు. యుద్ధం తర్వాత సమ్మక్క ఇంటికి రాదు. చిలకలగుట్ట వైపు నడిచి కనబడకుండా పోతుంది, దొరికింది కుంకుమ భరిణె. రెండేళ్లకోసారి మాఘంలో జనమే వెళ్లి ఆమెను మేడారం గద్దెకు తెచ్చుకుంటారు. వీరుణ్ని బయటివాళ్లు వచ్చి తెచ్చుకోవడమన్న మెట్టు క్యాంప్‌బెల్ దగ్గరా ఉంది, ఆ 12లోకి వచ్చేసరికి జారిపోయింది. నీ దగ్గర ఉన్నది ఆ 12 మెట్ల పటమే కదా, అందుకే నీకది తట్టలేదు.

నీ నవల ఉద్యోగం కాగితం చేతికి రావడంతో ఆగిపోయింది. అది ఆ పిల్లకు దక్కిన ఫలం, అంతే. ఆమె కూసుమంచిలో బస్సు దిగాలి. తండ్రి మళ్లీ వల కొన్నాడా, కూలికి పోతున్నాడా చూడాలి. ఆమె రానంటే తండ్రే హైదరాబాదు పోయి ఆ హాస్టల్ గేటు ముందు నిలబడాలి. ఏది రాస్తావో నీ ఇష్టం, ఒకటి మాత్రం రాయాలి. ఇకముందు ఏ కథ మొదలుపెట్టినా ముందుగా రెండు సంగతులు రాసుకో: షరతు ఏమిటి, చివరికి ఊరికి ఏం చేరుతుంది. రాస్తున్నంతసేపూ పటం మూసిపెట్టు. రాత ముగిశాక తెరిచి, ఎక్కడ బలహీనపడిందో చూసుకో.

మాస్టారిని తీసెయ్యి, లేదా ఆయనకు ఏదైనా పని చెప్పు. చివరి అధ్యాయం రాశాక నాకు పంపు, చదవడానికి ఎదురుచూస్తుంటాను.