పేరు చెప్పుకొనని ప్రయాణము

ధ్యానభాగములు: మత్తయి 5:14-16, 6:1-4



మన ప్రభువు కొండమీది ప్రసంగములో రెండు సంగతులు బోధించెను. మన సత్క్రియలు మనుష్యులకు కనబడవలెనని ఒకచోట, మన ధర్మకార్యము మన ఎడమచేతికి సహితము తెలియనంత రహస్యముగా నుండవలెనని మరియొకచోట. ఒకదానిని గైకొనినయెడల రెండవదానిని మీరినట్టు కాదా? ఈ ప్రశ్నను ఒక సైకిలు పందెగాని జీవితమునుబట్టి ఆలోచింపగోరుచున్నాము.

ఇటలీ దేశమందు ఫ్లోరెన్సు పట్టణము దగ్గర 1914లో జీనో బార్తాలీ జన్మించెను. ఫ్రాన్సు దేశము చుట్టు జరుగు గొప్ప సైకిలు పందెమును 1938లోను, మరల 1948లోను గెలిచెను. ఈ రెండు విజయముల నడుమ యుద్ధము వచ్చెను. 1943 సెప్టెంబరులో జర్మను సైన్యము ఇటలీని ఆక్రమించగా యూదులను పట్టి మరణశిబిరములకు పంపసాగిరి. దాగియున్నవారు బ్రదుకుటకు వేరు పేర్లతో గుర్తింపు కాగితములు కావలసియుండెను. ఫ్లోరెన్సులోని కార్డినల్ ఎలియా దల్లా కోస్తా ఈ రక్షణ కార్యమునకు అండగా నిలిచెను.

ఫ్లోరెన్సునుండి అస్సీసికి సుమారు 170 కిలోమీటర్లు. ఆర్నో నది లోయ, అరెజ్జో పట్టణము, త్రసిమేనో సరస్సు దాటి, ద్రాక్షతోటలును ఒలీవచెట్లును గల కొండల నడుమ ఆ దారి పోవును. బార్తాలీ ఆ కాగితములను సైకిలు గొట్టములలో దాచి, పగలెల్ల త్రొక్కి చేరవేసెను. ఆయన పందెమునకు సాధన చేయుచున్నాడని సైనికులు తలంచిరి. ఆయన ప్రసిద్ధియే ఆ రహస్యమునకు మరుగాయెను.

ఆయన రోమను కతోలిక సభవాడు. అయినను మంచి సమరయుని కథ విన్న మనము ఆ కారణముచేత ఆయనయొద్ద నేర్చుకొనుటకు వెనుదీయము.

యుద్ధకాలమందు ఆయన మౌనము అవసరమే. ఒక్క మాట జారినయెడల అనేకుల ప్రాణములు పోవును. అయితే యుద్ధము ముగిసిన తరువాత చెప్పుకొనినందువలన ఎవరికిని హాని లేదు, కీర్తి మాత్రము పెరుగును. అయినను ఆయన దానిని చాటుకొనలేదు. కుమారునితో చెప్పినను, బయట చెప్పవద్దనెను.

ఎందుకు? మాకు తోచునదేమనగా, మనము చేసిన ఉపకారపు కథలో ఎల్లప్పుడు మరియొకని కష్టముండును. దానిని పదిమందిలో చెప్పుకొనునప్పుడు వాని కన్నీరు మన మెడలో హారమగును. ఆకలిగొన్నవానికి బియ్యమిచ్చి సంఘములో వాని పేరు చెప్పినయెడల, ఇచ్చినదానికంటె ఎక్కువ తీసికొన్నవారమగుదుము.

అట్లయిన వెలుగు కనబడుట ఎట్లు? దీపము వెలుగునేగాని తన్నుగూర్చి చెప్పుకొనదు. ఆ వెలుగులో దారి కనుగొన్నవాడే చెప్పును. బార్తాలీ విషయములోను ప్రాణము దక్కినవారు సాక్ష్యమిచ్చిరి. మొదటి బోధలో మహిమ పరలోకపు తండ్రికి చెందును. రెండవదానిలో ప్రభువు గద్దించినది మనుష్యులు నన్ను చూడవలెనను కోరికను. కావున ఈ రెంటికి విరోధము లేదు. కార్యము కనబడవచ్చును, చేసినవాడు కనబడగోరరాదు.

ఇందుచేత సంఘపు లెక్కలు దాచవలెనని కాదు. పౌలు చందా విషయములో ఎవరును నింద మోపకుండ మనుష్యుల ఎదుటను జాగ్రత్తపడెను (2 కొరింథీ 8:20, 21). లెక్క అందరికి తెలియవలెను. అయితే గుడిలోని ఫ్యానుమీదను బల్లమీదను పేరు వ్రాయించునప్పుడు, అది లెక్కకొరకా, పొగడ్తకొరకా అని మనమందరము హృదయమును అడుగుకొందము.

బార్తాలీ 2000లో మరణించెను. 2013లో యెరూషలేములోని యాద్ వషేమ్ స్మారక సంస్థ ఆయనను జనములలో నీతిమంతుడని ప్రకటించెను. ఆ సంస్థ పేరు యెషయా 56:5 నుండి తీసికొనబడినది. తన మందిరములో జ్ఞాపకమును పేరును దయచేసెదనని దేవుడు అచ్చట వాగ్దానము చేయుచున్నాడు. పేరు ఇచ్చువాడు ఆయనే గనుక దానిని మనమే చెక్కుకొననక్కరలేదు. రహస్యమందు చూచు తండ్రి మనకు ఆ నెమ్మది దయచేయును గాక. ఆమేన్.