తొడుగు వెనుకనున్నది

మనుష్యుడు స్వహస్తములతో ఒక పని చేసికొన్నచో ధనము మిగులునని అందరును ఎరుగుదురు. ఆ పనితోపాటు ఒక బాధ్యతయు సంక్రమించునని కొందరే ఎరుగుదురు. ఇందుకు మా యింటి ముంగిట జరిగిన చిన్న ఉదంతమును నిదర్శనముగా మనవి చేయుచున్నాను.

మా మేనల్లుని కారు ఒక రాతిస్తంభమునకు తగిలి ముందరి బంపరు పగిలినది. కారును త్వరలో విక్రయింపదలచిన అతడు, కూలి మిగులునని, అదే రంగు గల క్రొత్త బంపరును తెచ్చి ఇంటివద్దనే బిగింప పూనుకొనెను. సాయము పట్టుటకు నేనును నిలిచితిని. ఎయిర్‌బ్యాగుల సెన్సార్లు ముందుభాగమున ఉండును గనుక, మొదట బ్యాటరీ తీగను విప్పి కొంతసేపు ఆగితిమి. పిమ్మట పైనను, అడుగునను, చక్రముల ప్రక్కను ఉన్న స్క్రూలను, ప్లాస్టిక్ క్లిప్పులను ఒక్కొక్కటిగా తీసి, ఫాగ్‌లైట్ల తీగలను వేరుచేసి, చెరియొక కొసను పట్టి బంపరును ముందుకు లాగితిమి.

అప్పుడు గాని అసలు సంగతి కంటబడలేదు. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ కారునకు బంపరనగా క్రోమియపు పూత గల ఉక్కుపట్టీయే. దెబ్బ తగిలినచో సొట్ట అందరికిని కనబడెడిది. నేటి కార్లలో మనము బంపరని పిలుచునది చాలవరకు ప్లాస్టిక్ తొడుగు మాత్రమే. ఢీకొన్నప్పుడు బలమును భరించునది దాని వెనుకనున్న లోహపు అడ్డదూలము. మా మేనల్లుని కారులో ఆ దూలము నడుమ లోనికి వంగియున్నది.

“మామయ్యా, పైన కొత్తది బిగిస్తే లోపలిది ఎవరికి కనబడుతుంది? కొనేవాడు అడిగితే చెబుతాను. అడక్కపోతే అబద్ధమాడినట్టు కాదు గదా!” అని అతడనెను.

ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. అడుగనిదెల్ల చెప్పవలెనన్నచో లోకమున క్రయవిక్రయములు సాగవు. వస్తువును పరీక్షించుకొనుట కొనువాని పని. అయితే ఇచట ఒక భేదము కలదు. కనబడిన పగులును గూర్చియే మనుష్యుడు ప్రశ్నింపగలడు. ఆ పగులును తొలగించి నిగనిగలాడు తొడుగును బిగించినవాడు, లోపమును దాచుటయేగాక, అడుగు అవకాశమునే అపహరించుచున్నాడు. అట్టి మౌనము మౌనము కాదు. చేతులతో పలికిన అసత్యము.

మరియొకటి. పనిని పరులకు అప్పగించినప్పుడు “నాకేమి తెలియును” అను ఆశ్రయము మనకు మిగులును. స్వయముగా విప్పి చూచినవానికి ఆ ఆశ్రయము లేదు. చేసిన చేయియు, చూచిన కన్నును ఒక్కనివే. కాయకమును గౌరవించు మనము దీనిని మరువరాదు: శ్రమించుటతోనే పని పూర్తి కాదు, శ్రమలో తెలిసిన సత్యమునకు కట్టుబడినప్పుడే పూర్తియగును.

నేను చెప్పినది విని అతడు కొంతసేపు మాటాడలేదు. తొడుగును అట్లే వదలి, మరునాడు క్రొత్త దూలమును తెప్పించెను; చట్రమునకు వంపు సోకినదేమో షెడ్డులో కొలతలు వేయించెను. మిగిలిన కూలికంటె ఇందుకైన వ్యయమే అధికము. కొనవచ్చినవానికి వంగిన పాత దూలమును చూపగా అతడు వెల కొంత తగ్గింపుమనెను, మావాడు తగ్గించెను.

ఆ కారులో ఇప్పుడు ఎవరి బిడ్డలు కూర్చుండుచున్నారో మాకు తెలియదు. తెలియకున్నను, వారి క్షేమము ఆ దినమున కొంత మా చేతిలోని పానాపై ఆధారపడియుండెను.