ఎసరుకో కొళాయి

ఇల్లు కట్టేటప్పుడు ఖర్చులు రెండు రకాలు. ఎవరూ అడక్కుండానే అయిపోయేవి కొన్ని, పదిమందీ "అవసరమా?" అని అడిగేవి కొన్ని. వీధి గుమ్మానికి నగిషీలు చెక్కించండి, ఎవరూ నోరెత్తరు. వంటింట్లో ఒక కొళాయి ఎక్కువ పెట్టించండి, ఇంటిల్లిపాదికీ వేదాంతం గుర్తుకొస్తుంది.

పాకాలలో ఇల్లు కట్టుకుంటున్న మా అక్క కూతురు పొయ్యికి పైన, గోడలోంచి వచ్చే కొళాయి కావాలంది. దానికి మడతపడే చెయ్యి ఉంటుంది. లాగితే గిన్నె మీదికి వస్తుంది, తోస్తే గోడకి అతుక్కుంటుంది. తపేలా పొయ్యి మీదే ఉంటుంది, ఎసరు నీళ్లు దాని దగ్గరికే వస్తాయి. హోటళ్ల వంటశాలల్లో వాడే ఈ సదుపాయం ఇప్పుడు ఇళ్లలోకీ దిగింది.

"సింకు ఆరడుగుల దూరంలోనే ఉంది కదమ్మా" అన్నాడట మేస్త్రీ. వాళ్లాయన నవ్వాడట. అత్తగారు మాత్రం, "మేం బావిలో చేదుకోని కడవలు మోసినాం. మా చేతులేమన్నా పడిపోయినాయా?" అందట. "పిన్నీ, నువ్వే చెప్పు. ఇది సోకా, అవసరమా?" అని నన్నడిగింది పిల్ల.

పది లీటర్ల నీళ్లంటే పది కిలోల బరువు. గిన్నె బరువు వేరే. రోజూ కుక్కరు పెట్టుకునే ఇంట్లో ఇది తెలియదు. పండక్కో, తద్దినానికో పాతికమందికి వండే రోజున ఆ ఆరడుగులూ ఎంత దూరమో మణికట్టు చెబుతుంది.

నిజానికి పాకాల వాళ్లకి ఇలాంటి కొళాయి కొత్తేమీ కాదు. ఆ జంక్షన్లో ఆవిరి ఇంజన్లు ఆగే రోజుల్లో, నీళ్లు పట్టే చోట ఏనుగు తొండంలాంటి గొట్టం ఉండేది. ఇంజను వచ్చి నిలబడితే తొండం దాని మీదికి తిరిగి నీళ్లు పోసేది. దాన్ని సోకని ఎవరూ అనలేదు. ఇంజను బావి దగ్గరికి నడిచి వెళ్లలేదు కాబట్టి నీళ్లే ఇంజను దగ్గరికి వచ్చాయి. ఆడది నడవగలదు. అందుకే ఆమె పొయ్యి దగ్గరికి నీళ్లు రావాలని ఎవరికీ తోచలేదు!

అత్తగారు పడ్డ కష్టం అబద్ధం కాదు. కానీ కష్టం అనేది కోడలికి పెట్టాల్సిన నగ కాదు గదా. మిక్సీ వచ్చిన కొత్తలోనూ పచ్చడికి రుచి పోతుందన్నారు. అన్నవాళ్లలో రోటి ముందు కూర్చున్నవాళ్లు తక్కువ.

అయితే రెండో పక్కా చూడాలి. సౌకర్యం వచ్చినంత మాత్రాన పని తగ్గిపోదు. అమెరికాలో రూత్ ష్వార్ట్జ్ కోవన్ అనే చరిత్రకారిణి 1983లో ఈ సంగతి మీదే ఒక పుస్తకం రాసింది. ఇంట్లోకి యంత్రాలు వచ్చేకొద్దీ సాయం చేసే చేతులు తప్పుకున్నాయనీ, శుభ్రానికీ రుచికీ కొలతలు పెరిగాయనీ, గృహిణి పని గంటలు మాత్రం అనుకున్నంతగా తగ్గలేదనీ ఆమె అంటుంది. మన సంగతే చూడండి. 2024లో ప్రభుత్వం జరిపిన సర్వే ప్రకారం ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. ఇన్ని మిక్సీలూ గ్రైండర్లూ వచ్చాక మాట ఇది. కొళాయి కలిసొచ్చినందుకు "నీళ్లు తేలిగ్గా వస్తున్నాయిగా, ఇంకో నలుగురిని భోజనానికి పిలుద్దాం" అనే ఇల్లయితే, ఆ కొళాయి ఎవరికి లాభం?

మరి కొందరికి అసలు కొళాయే లేనప్పుడు మనకి రెండోదా అనే సంకోచం ఒకటుంది. ఇది మంచి సంకోచమే. 2019 ఆగస్టు 15న జల్ జీవన్ మిషన్ ప్రకటించేనాటికి దేశంలో పల్లెల్లో నూటికి పదిహేడిళ్లకే కొళాయి ఉంది. ఆ పథకం పెట్టుకున్న లెక్క మనిషికి రోజుకి 55 లీటర్లు. కానీ ఆలోచిస్తే, సింకు దగ్గర పట్టినా పొయ్యి మీద పట్టినా పదిలీటర్లు పదిలీటర్లే. ఎదురింటావిడ నీళ్లు తాగేది మన కొళాయి కాదు, లోతుకి లోతు వేసుకుంటూ పోయే మన బోరు. సిగ్గుపడాలంటే అక్కడ పడదాం.

ఇక అసలు చిక్కు నీళ్లలోనే ఉంది. మా వైపు చాలా ఇళ్లలో మిద్దె మీది ట్యాంకులోకి ఎక్కేది బోరు నీళ్లు. ఉప్పదనం ఎక్కువైతే ఆ నీళ్లలో కందిపప్పు ఓ పట్టాన ఉడకదు. అందుకని వంటకి ఇరవై లీటర్ల క్యాను తెప్పించుకుంటారు. ట్యాంకుకి కలిపిన కొళాయి పొయ్యి మీద ఎంత అందంగా వంగినా, పప్పులోకి నీళ్లు క్యానులోంచే రావాలి. పైగా ఆ మడతల్లో తెల్లగా ఉప్పు పేరుకుంటుంది. సింకు దగ్గర కారే చుక్క సింకులో పడుతుంది, ఇక్కడ కారే చుక్క స్టవ్వు మీద పడుతుంది.

ఇంకో మాట. ఈ కొళాయి నీళ్లు తెస్తుందే గానీ తీసుకుపోదు. రాగిసంగటికైతే ఫరవాలేదు, వార్చేదేమీ ఉండదు. (ఆ సంగటి కెలికే చేతికి మాత్రం ఏ కొళాయీ సాయం రాదు.) అన్నానికైతే గంజి వార్చాలి. చేతులు కాలేది చన్నీళ్లు తెచ్చేటప్పుడు కాదు, సలసలా మరిగే గిన్నె దించి సింకు దాకా నడిచేటప్పుడు. బరువు సంగతి ఆలోచించి ప్రమాదం సంగతి మరిచిపోవడం తెలివి అనిపించుకోదు.

అందుకని మా పిల్లకి ఇలా చెప్పాను. "నీకు కావలసింది రెండో కొళాయి కాదే, సింకే పొయ్యి పక్కకి రావాలి. మధ్యలో ఒక గిన్నె పట్టేంత బండ వదిలిపెట్టు. నీళ్లు పట్టిన గిన్నె ఎత్తకుండా జరుపుకోవచ్చు, గంజి వార్చడానికీ నడవక్కర్లేదు. దాంతోపాటు మంచినీళ్లకి వేరే గొట్టం వేయించుకో. రోజూ పెద్ద వంట చేసే ఇల్లయినా, మణికట్టు నొప్పితో బాధపడే మనిషి వండే ఇల్లయినా, మంచినీళ్ల గొట్టం ఉంటే, పొయ్యి మీది కొళాయి సోకు కానే కాదు, పెట్టించుకోవాల్సిందే."

"అంటే మా అత్తే గెలిచినట్టా పిన్నీ?" అంది నిష్ఠూరంగా.

లేదు. కొళాయి వద్దనడం వేరు, నువ్వు మొయ్యి అనడం వేరు. అవసరమా అని అడిగే హక్కు ముందు ఆ గిన్నె ఎత్తేవాళ్లది. ఆ మాట నవ్విన మొగుడితో కూడా చెప్పమన్నాను. సింకు జరిపేదాకా పండగ ఎసరు గిన్నె ఆయన్నే మొయ్యమన్నాను. ఆరడుగులే కదా!